ఏడో తరగతి విందుకు సపరివారంగా

కొత్తగా టీచరైన ఆ రోజుల్లో నాకు ఏది చూసినా పాఠంలాగే కనిపించేది. బస్సు మలుపు తిరిగితే భౌతికశాస్త్రం, కండక్టరు చిల్లర లేదంటే తీసివేతలు. బీఈడీ పట్టా చేతికొచ్చి ఆరు నెలలు కూడా కాలేదు. శామీర్‌పేట దగ్గర ఒక చిన్న బడిలో తాత్కాలిక ఉద్యోగం. అలాంటి సమయంలో నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. ఏడో తరగతి పిల్లలు తల్లిదండ్రులకు విందు ఇవ్వాలి, అందులోనే అన్ని సబ్జెక్టులూ నేర్చుకోవాలి. కొలతలు లెక్కలకు, ఉడకడం సైన్సుకు, ఏ సరుకు ఎక్కడ పండిందో చెప్పే పటం సాంఘికశాస్త్రానికి, ఆహ్వానపత్రిక తెలుగుకు. నాలుగు పేజీల ప్రణాళిక రాసి పెద్దసారు ముందు పెట్టాను. (ఆ నాలుగు పేజీల్లో ఎక్కడా నాకు వంట రాదని రాయలేదు. హాస్టల్లో పెరిగినదాన్ని, నూడుల్స్ వరకే నా పాండిత్యం.) ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "మంచిగనే ఉంది గని అమ్మా, ఏమన్న గడ్‌బడ్ అయితే వచ్చే యేడు మిమ్ముల తీసుకునుడు కష్టమైతది" అన్నారు. నేను నవ్వాను. గడ్‌బడ్ ఎందుకవుతుంది, ప్రణాళిక ఉండగా?

వంట లెక్కల బాధ్యత 'గుణకారం' తీసుకుంది. కనిపించిన ప్రతి అంకెనూ మరో అంకెతో హెచ్చవేసే పిల్ల కాబట్టి ఆ పేరు. వాళ్లింట్లో నలుగురికి వండే కొలతలు రాసుకొచ్చి, అరవై మందికి పదిహేను రెట్లు చేసింది. తప్పు ఒక్కటీ లేదు. చేపలు కొందరు పిల్లల నాయినలు చెరువు నుంచి తెస్తామన్నారు. ఆహ్వానపత్రిక రాసింది 'కవిగారు' అని మేం పిలిచే ఇంకో అమ్మాయి. అక్క పెళ్లికార్డు ముందు పెట్టుకుని, "తామెల్లరు సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేసి మా విందారగించ ప్రార్థన" అని రాసింది. నేను మురిసిపోయి పదికి పది మార్కులు వేసి, ఎర్ర సిరాతో 'చక్కని భాష' అని రాసి, అందరిచేతా అదే చూసి రాయించాను.

విందు రోజు సాయంత్రం మొదటి ట్రాలీ ఆటో దేవరయాంజాల్ వైపు నుంచి వచ్చింది. అందులోంచి పద్నాలుగు మంది దిగారు. వెనకాలే ఇంకోటి. బాబాయిలు, మేనత్తలు, చంకలో పిల్లలు, ఎవరి ఊరి నుంచో చుట్టపు చూపుకొచ్చినవాళ్లు కూడా వచ్చారు. పెద్దసారు నా పక్కకొచ్చి మెల్లగా అడిగారు.

"అమ్మా, గీ జనమంతా ఎవలు?"

కవిగారు వినయంగా జవాబిచ్చింది. "సపరివారం సార్."

గుణకారం ఈలోగా లెక్కపెట్టుకొచ్చింది. నూట ఎనభై మంది. "సరిగ్గ మూడింతలు మేడం" అంది, శేషం రానందుకు సంతోషపడుతూ. నేను గిన్నెల మధ్య నిలబడి, ప్రణాళిక నాలుగో పేజీ తిరగేస్తున్నాను. అప్పుడు గుణకారం వాళ్ల అవ్వ వచ్చింది. ఏళ్ల తరబడి కరీంనగర్ రోడ్డు మీద చేపలమ్మిన మనిషి. మూతలన్నీ ఎత్తి చూసింది.

"గిండ్ల పరేషాన్ ఏముంది బిడ్డా? ఇంకో రెండు దఫాలు బువ్వ వండుదాం. చేపముక్క తలకొకటి. పచ్చిపులుసు కలుపుదాం, దానికి పొయ్యి గూడ అక్కర్లే. మేడం, నువ్వు ఉల్లిగడ్డలు గొయ్యి."

కోశాను. అవ్వ నా ముక్కలను కాసేపు జాలిగా చూసి, "నువ్వు సదువు జెప్పుకో తల్లీ, నేను గోస్త" అంది. చుట్టూ ఉన్న ఇరవై ఎనిమిది మంది విద్యార్థులకు ఆ క్షణాన మేడం సంగతి తెలిసిపోయింది. గుణకారం కారం డబ్బా పట్టుకుని మూడింతలు వేయబోతుంటే అవ్వ చెయ్యి పట్టుకుంది. "గట్ల గాదు. జెరంత ఎయ్యి, నాకి సూడు, మళ్ల ఎయ్యి." గుణకారం నోటుపుస్తకం తీసి, లెక్కలో నాలుగో సోపానంగా 'నాకి చూడాలి' అని రాసుకుంది.

అన్నం ఉడికేదాకా అతిథులను ఆపడమెలా? సాంఘికశాస్త్రం ఆదుకుంది. పిల్లలు పటం పట్టుకుని వరుసల మధ్య తిరుగుతూ టమాటాలు ఫలానా ఊరివి, చింతపండు ఫలానా చోటిది అని చెప్పసాగారు. టమాటాల దగ్గర ఒక రైతు లేచాడు. "గవి ఆ ఊరియి కావు బిడ్డా, మా చేన్లయి." పక్కవరుసాయన ఒప్పుకోలేదు. ఇద్దరూ పటం మీద వేళ్లు పెట్టి వాదించుకున్నారు, సగం జనం అటు, సగం ఇటు. ఆ వాదన తెగేలోగా రెండో దఫా అన్నం దిగింది. (టమాటాలు ఎవరివో నాకు ఇప్పటికీ తెలియదు.)

అందరూ తిన్నారు. పెద్దసారు పచ్చిపులుసు మూడు గ్లాసులు తాగి, మూతి తుడుచుకుని, "వచ్చే యేడు గూడ చేద్దాం అమ్మా. గని ఆ సపరివారం తీసేయుండ్రి" అన్నారు. నేను తరగతి గదిలోకి పోయి, తలుపు దగ్గరికి వేసి, ఒంటరిగా గంతులేశాను. కిటికీలోంచి ఏడో తరగతి మొత్తం చూసింది.

ఇప్పుడు వేరే బడిలో పెద్ద టీచరు కుర్చీలో నేనున్నాను. మొన్న కొత్తగా చేరిన పంతులమ్మ ఒకతె మెరిసే కళ్లతో వచ్చి, పిల్లలతో విందు చేయిస్తానని కాగితాలు నా ముందు పెట్టింది. చెప్పాల్సిన జాగ్రత్తలు నాలుక చివరిదాకా వచ్చాయి. ఆమె ముఖంలో ఎక్కడో నా ఇరవై రెండేళ్లు కనిపించి, మింగేశాను. సంతకం పెట్టి కాగితాలు తిరిగిస్తూ, "ఏ రోజో ముందే చెప్పమ్మా, మధ్యాహ్నం తినకుండా వస్తాను" అన్నాను.