నలభై ఎనిమిది రోజుల నాయన

గుడియాత్తంలో మా ఇంటి వసారాలో సాయంత్రాలు ట్యూషన్ చెప్పేదాన్ని. వచ్చేవాళ్లంతా కట్టడం పనివాళ్ల పిల్లలు. వాళ్లకు ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. అందులో ఏడో తరగతి పిల్ల ఒకతి, తల్లి లేనిది. తండ్రి మేస్త్రీ. పనిమంతుడే కానీ తాగితే మనిషి కాడు. ఆ పిల్ల చేతుల మీద వాతలు చూస్తే నాకు ఒళ్లు మండిపోయేది. ఊరికే జాలిపడి ఏం లాభమని, వేలూరు పక్కన కాట్పాడిలో ఒక ఆడపిల్లల హాస్టలు చుట్టూ నెలల తరబడి తిరిగి సీటు సంపాదించాను. తండ్రి చేత సంతకం కూడా పెట్టించాను.

అంతలో కార్తీకం వచ్చింది. ఆ పిల్ల తండ్రి నలభై ఎనిమిది రోజుల దీక్షకు అయ్యప్ప మాల వేసుకున్నాడు. మా వైపు ఎంత తాగుబోతైనా మాల మెడలో ఉన్నన్నాళ్లు చుక్క ముట్టడు. తెల్లారకముందే చన్నీళ్లు పోసుకుని, తానే వండి, కూతురికి పెట్టి పనికి పోయేవాడు. దీక్షలో ఆడవాళ్లను అమ్మవారి పేరుతో పిలిచే పద్ధతి ప్రకారం కూతుర్ని మాళిగపురం అని పిలిచేవాడు. అంతకుముందు ఏమని పిలిచేవాడో నేను రాయలేను. పిల్ల జడలో పూలు పెట్టుకుని ట్యూషన్‌కు రావడం మొదలుపెట్టింది.

"నాయన మారినాడు గదక్కా. ఇంక నేను హాస్టలుకు పోవాల్నా?" అని ఒకరోజు అడిగింది.

పోతాననే అడిగిందో, పోననే అడిగిందో నేను ఆగి చూడలేదు. సామి మాల వేసిన మనిషిని నమ్మకపోతే పాపం అనుకున్నాను. నా బుద్ధి గడ్డి తిని, ఫోను చేసి సీటు వద్దని చెప్పేశాను. పైగా ఇంకో పిల్లకు మేలు చేశానని మురిసిపోయాను కూడా!

కొండ నుంచి తిరిగొచ్చినాయన కాట్పాడి స్టేషన్లో దిగి, తోటివాళ్ల చేత మాల తీయించుకుని, నేరుగా ఒయిన్ షాపుకు పోయాడు. ఇంటి ముందు ముగ్గేసి, హారతి పళ్లెం పట్టుకుని పిల్ల మధ్యాహ్నం దాకా నిలబడింది. వచ్చీ రాగానే ఆ పళ్లెం లాక్కుని దాని మొహాన విసిరాడు.

మర్నాడు కనుబొమ మీద కట్టుతో, స్కూలు బ్యాగులో రెండు జతల బట్టలతో మా గుమ్మంలోకి వచ్చింది. హాస్టలుకు పోతానంది. ఫోను చేశాను. సీటు ఎప్పుడో ఇచ్చేశారట, ఈ ఏడాదికి ఇంక లేదట. బతిమాలాను, అరిచాను. అవతల పెట్టేశారు. మా ఇంట్లోనే ఉంచుకుందామా అని మా ఆయన వైపు చూశాను. ఆయన పేపరు మడిచి లోపలికి వెళ్లిపోయాడు.

పిల్లకు అంతా అర్థమైంది.

"తప్పు నాదేనక్కా. నాయన మారినాడని నేనే గదా చెప్తిని" అంది.

కాదే తల్లీ, నాది అనాలి. మాట నోటిదాకా వచ్చింది. అంటే నన్నింక నమ్మదేమోనని మింగేశాను. పన్నెండేళ్ల పిల్ల, తప్పు తనదే అనుకుంటూ మళ్లీ ఆ ఇంటికే వెళ్లిపోయింది.