అరుగు మీద అన్నం, అర్రలో రొట్టె

మొన్న ఆశా వర్కరు పిల్ల మా వాకిట్లో కూర్చుని, నా వేలికి సూది గుచ్చి, నడుముకు టేపు చుట్టి, ఆ రెండు అంకెలూ ఫోన్లో ఎక్కించుకుంటూ మీ ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా షుగర్ ఉండేదా అని అడిగింది. మా అత్తమ్మకు అన్నాను. ఆ పిల్ల ఇంకో ఇంటికి వెళ్లిపోయింది గానీ నేను చాలాసేపు లేవలేకపోయాను. మోకాళ్ల నొప్పి అనుకోండి, ఇంకేమైనా అనుకోండి.

మాది నెక్కొండ దగ్గర పల్లె. డెబ్బైల మొదట్లో నేను కాపురానికి వచ్చేనాటికి ఆ ఇంట్లో పొద్దున జొన్నగట్క, రాత్రి జొన్నరొట్టె. తెల్లన్నం పండుగకో, చుట్టాలు వస్తేనో. అత్తమ్మ సన్నగా, చురుగ్గా ఉండేది, కలుపుకు పోతే ఆమె వెంట నడవడానికి నాకు ఆయాసం వచ్చేది. తర్వాత బావికి కరెంటు మోటరు పెట్టారు, జొన్నచేను వరిమడి అయింది, ఊళ్లోకి బియ్యం మిల్లు వచ్చి రోకలి మూలకు చేరింది, ఇక కష్టపడింది చాలని మా ఇంటాయన అత్తమ్మను అరుగు మీద కూర్చోబెట్టాడు. మూడు పూటలా తెల్లన్నం. రెండు మూడేళ్లలో గాజులు ముంజేతికి బిగుసుకుపోయాయి, రవికలు విప్పి కుట్టాల్సి వచ్చింది. చూసినవాళ్లంతా ముఖంలో కళ వచ్చిందనేవారు, ఆ మెప్పులో నాకూ వాటా ఉండేది కాబట్టి నేనూ సంబరపడ్డాను. ఒళ్లు చేయడమంటే మా తరానికి దేవుడు చల్లగా చూడటమే కదా, మీకు మాత్రం తెలియదా.

ఎనభైల్లో ఆమెకు తీరని దాహం మొదలైంది, కాలి పుండు మానలేదు. వరంగల్ దవాఖానలో డాక్టరు చక్కెర రోగమని చెప్పి, మాత్రలు రాసి, అన్నం మాన్పించి జొన్నరొట్టె పెట్టమన్నాడు. పెట్టాను. మూడో రోజున ఎదురింటి ముసలామె వచ్చి పళ్లెంలోకి చూసి, "గుమ్మి నిండ వడ్లు పెట్టుకొని అక్కకు రొట్టె పెడ్తానవా పిల్లా" అని వెళ్లిపోయింది. వారం తిరగకముందే మా ఆడబిడ్డ రైలు దిగి వచ్చి, నాతో మాట్లాడకుండా వంటింట్లోకి పోయి తల్లికి తనే అన్నం వండింది. డాక్టరు చెప్పాడంటే ఎవరు నమ్ముతారు, చక్కెర రోగం పట్నం సేట్లకు వచ్చేది గానీ పొలం చేసుకునేవాళ్లకు వస్తుందా అనేవారు అందరూ.

చివరికి దారి అత్తమ్మే వెతికింది. "ఫికర్ చెయ్యకు బిడ్డా. రొట్టె అర్రల తింట, మందనుకుంట. అన్నం అరుగు మీద పెట్టు, జర నలుగురు చూస్తరు. నా కొడుకు ఇజ్జత్ పోవద్దు" అంది. అలా లోపల గదిలో తలుపు వేసుకుని రొట్టె తిని, బయటకు వచ్చి పళ్లెం నిండా అన్నం తినేది. రెండూ నేనే వడ్డించాను. ఆమె తినేది మందు కాదని, రెండింతల తిండి అని నాకు తెలుసు. అడ్డు చెబితే కోడలు కడుపు మాడుస్తోందని ఊరు అంటుందని నోరు మూసుకున్నాను. ముందు కాలి బొటనవేలు తీశారు, మరుసటి ఏడు మోకాలి దాకా తీశారు. ఆ తర్వాత కూడా ఆమెను ఎత్తుకొచ్చి అరుగు మీదే కూర్చోబెట్టి అన్నం పెట్టేవాళ్లం.

ఆమె పోయిన పదకొండో రోజున చుట్టాలంతా, చివరిదాకా తెల్లన్నం పెట్టింది, కోడలంటే ఇలా ఉండాలి అన్నారు. తల వంచుకుని విన్నాను, కాదనలేదు. ఆ మెప్పును ఇన్నేళ్లు మోసి మోసి నిజంగానే అలసిపోయాను.

ఇప్పుడు మా వాడకట్టులో ఇంటికొకరు జొన్నరొట్టె తింటున్నారు, వాకిట్లో అందరి ముందు కూర్చునే తింటున్నారు. ఎవరి పళ్లెంలోకి ఎవరూ తొంగిచూడరు, చూసే తీరికా ఎవరికీ లేదు. అత్తమ్మ ఒక ఇరవై ఏళ్లు ఆలస్యంగా పుట్టి ఉంటే ఆ రొట్టె అరుగు మీదే తినేది, రెండు కాళ్లూ చాపుకుని.