ఖాళీ కుర్చీకి పడిన మార్కులు

"ఆంటీ, ఇప్పుడు మీరు ఉన్నారా?"

నాలుగేళ్ల పాప నా మోకాలి మీద చెయ్యి వేసి అడిగింది. నేను జవాబు చెప్పకూడదు. మోకాలిని వేలితో రెండుసార్లు నొక్కి చూసింది. "డైలీ హార్డ్‌గా ఉంటారు. టుడే సాఫ్ట్," అని తనలో తను అనుకుంటూ వెళ్లిపోయింది. గదిలో ఉన్న మిగతా పదిహేడు మందిలో ఒక్కరు కూడా మా వైపు తిరగలేదు.

ఆ గదిలో నేను అడుగుపెట్టడం అదే మొదటిసారి.

ప్రభుత్వ ఖర్చుతో నడిచే ప్రీస్కూళ్లకు వెళ్లి, టీచర్లు పిల్లలతో ఎలా మసలుతున్నారో చూసి మార్కులు వేయడం నా పని. అమెరికాలో మేముండే అరోరా ఊరి చుట్టుపక్కల నాలాంటివాళ్లం నలుగురం ఉన్నాం. అంతకుముందు చాలా ఏళ్లు దినపత్రికలో పనిచేశాను కాబట్టి, ఓ మూల కూర్చుని కంటికి కనిపించింది రాసుకోవడం నాకు కొత్త కాదు. ఇరవై నిమిషాలు చూడాలి, తర్వాత పది నిమిషాలు మార్కులు వేయాలి. అలా నాలుగుసార్లు. మార్కులు వేసే పది నిమిషాల్లో గదిలో ఏం జరిగినా అది లెక్కలోకి రాదు. ఎవరు పలకరించినా మనం అక్కడ లేనట్టే ఉండాలి.

పాప నా దగ్గరికి వచ్చింది ఆ పది నిమిషాల్లోనే.

కిందటి ఏడాది ఆ తరగతికి మార్కులు తక్కువ వచ్చాయి. ఈసారి కూడా తగ్గితే తరగతి మూసేస్తారని ఆ బడి డైరెక్టర్ తలుపు దగ్గరే చెప్పింది. మూసేస్తే ఆ పిల్లలకు దగ్గరలో ఉచితంగా చేరే చోటు మరొకటి లేదు.

తరగతి బాగుంది. అవసరమైనదానికంటే బాగుంది. ఎవరూ అరవలేదు, ఎవరూ బొమ్మలు లాక్కోలేదు. ఆరులూ ఏడులూ వేసుకుంటూ పోయాను. ఏడుకి మించి మార్కు లేదు. కానీ నా కుర్చీ చుట్టూ చాప పరిచినంత మేర ఎవరూ రావడం లేదు. ఓ బంతి దొర్లుకుంటూ వచ్చి నా కాళ్ల దగ్గర ఆగింది. దానికోసం పరుగెత్తి వచ్చిన పిల్ల ఆ హద్దు దగ్గర ఆగిపోయి, మొహంలో నవ్వు చెరగకుండా వెనక్కి నడిచి వెళ్లింది.

పని ముగిశాక లేచి, తలుపు దగ్గర కోటు వేసుకుంటూ చూశాను. కుర్చీ ఖాళీగా ఉంది. పిల్లలు ఇంకా దాన్ని చుట్టి తిరిగే పోతున్నారు. కూర్చున్న మనిషి మొహం ఉండే ఎత్తుకి ఒకసారి చూసి, తల దించుకుంటున్నారు.

టీచర్‌ని అడిగితే దాచకుండా చెప్పింది.

"మూడు వారాలు ప్రాక్టీస్ చేయించాం. మీరొస్తే పిల్లలు కంగారుపడతారని రోజూ ఆ ఖాళీ కుర్చీ వేసి, 'ఒక మేడమ్ కూర్చుని రాసుకుంటోంది, మీరు చూడొద్దు' అని వాళ్లకి చెప్పాం. గది ఎంత కుదురుగా మారిందో!"

"ఆవిడ ఎవరని పిల్లలు అడగలేదా?"

"మొదటి వారం అడిగారు. తర్వాత ఆవిడ ఏం చేస్తోందో వాళ్లే నాకు చెప్పడం మొదలుపెట్టారు." నవ్వబోయి ఆగిపోయింది.

పార్కింగ్ దగ్గర ఆ పాప తల్లి నన్ను ఆపింది. ఇండియన్ గ్రోసరీ స్టోర్‌లో కౌంటర్ దగ్గర ఆమెను చాలాసార్లు చూశాను.

"మా పిల్ల మిమ్మల్ని డిస్టర్బ్ చేసిందటగా అండీ? మార్కులు కట్ చెయ్యరు కదా?"

"పిల్లల వల్ల మార్కులు తగ్గవమ్మా."

"ఇంట్లో కూడా అంతేనండీ. డైనింగ్ టేబుల్ దగ్గర ఒక చెయిర్‌లో ఎవర్నీ కూర్చోనివ్వదు. మేడమ్ రాసుకుంటోందట! మా ఆయనేమో, ఆవిడకీ రెండు ఇడ్లీలు పెట్టు, మంచి మార్కులేస్తుంది అని ఏడిపిస్తారు." నవ్వేసి, వెంటనే గొంతు తగ్గించింది. "ఈ సీటు పోతే నేను జాబ్ మానెయ్యాలండీ. కొంచెం చూడండి."

తల ఊపాను. కారు వెనక సీటులో పాప కూర్చుని ఉంది. పక్కన ఖాళీ చోటుకి కూడా బెల్టు పెట్టి ఉంది.

చూసింది చూసినట్టే మార్కులు పంపాను. వాటితోపాటు, పిల్లల భయం గురించి విడిగా ఒక పేజీ రాశాను. రాస్తే ఆ తరగతికి ముప్పని తెలుసు. రాయకపోతే వచ్చే ఏడాది ఇంకో బడిలో ఇదే ప్రాక్టీస్ మొదలవుతుందనీ తెలుసు.

మూడో రోజున మా సూపర్‌వైజర్ ఫోన్ చేసింది.

"పాప మీతో మాట్లాడింది ఇరవైలోనా, పదిలోనా?"

"పదిలో."

"మరి దీన్ని ఏ గడిలో పెట్టమంటారు?"

ఫారం మళ్లీ తెరిచి చూశాను. ఫారంలో గడులన్నీ టీచర్ ఏం చేసింది అన్నదాని గురించే ఉన్నాయి. పిల్లలు ఎందుకంత కుదురుగా ఉన్నారని అడిగే గడి ఒక్కటీ లేదు.

ఇది జరిగి నాలుగు నెలలైంది. నా పేజీ ఏ గడిలోకి వస్తుందో తేలక మార్కులు ఇంకా ఖరారు కాలేదు. వచ్చే ఏడాదికి పిల్లల్ని చేర్చుకోవచ్చో లేదో డైరెక్టర్‌కి ఎవరూ చెప్పలేదు.