ఆ కూత ఆగకూడదనుకున్న వారం

మా అన్న కారులో పాటలు పెడితే పాటతోపాటు సన్నని కూత ఒకటి వచ్చేది. బండి నిలబడి ఉన్నప్పుడు వినీ వినబడనట్టు ఉండేది. యాక్సిలరేటర్ తొక్కితే పైకి లేచేది, గేరు మార్చగానే కిందికి దిగి మళ్లీ లేచేది. పాట నెమ్మదించిన చోట మరీ బయటపడేది.

అన్న మిర్యాలగూడలో రైస్ మిల్లుల మెషీన్లు బిగించే పని చేసేవాడు. ఆరేళ్లుగా గది అక్కడే, ఆదివారాలు మాత్రం సూర్యాపేటలో మా ఇంటికి వచ్చేవాడు. వచ్చి తినేవాడు, పడుకునేవాడు, సాయంత్రం బస్సెక్కేవాడు. పోయిన ఎండాకాలం వాళ్ల ఓనరు అతన్ని రాయ్‌పూర్ వైపు కొత్త మిల్లుల పని చూసుకోమని రెండేళ్లపాటు పంపుతానన్నాడు. అప్పటికే అన్న ఒక సెకండ్ హ్యాండ్ కారు కొని, కోదాడలో ముదురు నీలం రంగు వేయించాడు. అందులోనే వెళ్తానని పట్టుబట్టాడు. పాటలు లేకుండా అంత దూరం నడిపితే నిద్ర ముంచుకొస్తుందని సూర్యాపేటలో ఒక షాపులో డిక్కీలో ఆంప్లిఫయరు, పెద్ద స్పీకరు పెట్టించాడు. కూత ఆ రోజు నుంచే మొదలైంది.

అమ్మ అంగన్‌వాడీ టీచరు. మార్కెట్‌కు తీసుకెళ్తే ఆమెకు పాట వినబడలేదు, కూతే వినబడింది. లోపల ఏదో వైరు కాలుతోందని, రోడ్డు మీద మంటలంటుకున్న బళ్ల గురించి చెప్పడం మొదలుపెట్టింది. చివరికి తేల్చేసింది.

“గా కూత బందయ్యేదాంక బండి రాయ్‌పూర్ మొకం సూడొద్దు.”

వారం సెలవుంది కదా, ఈలోపు చేయిస్తానన్నాడు అన్న. అతను నడుపుతుంటే ఎవరో ఒకరు వెనక సీట్లో కూర్చుని శబ్దం ఏ వైపు నుంచి వస్తోందో వినాలి. నన్ను రమ్మన్నాడు.

“నువ్వెట్లాగు మాట్లాడవ్. ఇనేటందుకు నీకంటె మంచి మనిషి దొరకది” అన్నాడు.

సోమవారం స్పీకరు పెట్టిన షాపుకే వెళ్లాం. ఇంజను నడుస్తుంటే బ్యాటరీని ఛార్జి చేసే డైనమో నుంచి వస్తోందని చెప్పి, వాళ్లు వైరు మధ్యలో అగ్గిపెట్టె అంత ఫిల్టరు ఒకటి కలిపారు. కూత కొంచెం సన్నబడింది కానీ పోలేదు.

ఆ సాయంత్రం ఆంప్లిఫయరు డబ్బాలో వచ్చిన చిన్న పుస్తకం నాకు దొరికింది. ఎవరూ చదవని పుస్తకం అది. మిర్చి బజ్జీ పొట్లం కాగితం కూడా విప్పి చదివే అలవాటు నాది. చీమ తలకాయలంత ఇంగ్లీషు అక్షరాలు. చివరి పేజీలో, శబ్దం వస్తే ఏం చూడాలో రాశారు. ఎర్త్ వైరును బండి ఇనుముకు బిగించిన చోట బోల్టు కింద పెయింటు ఉండకూడదట. ఇనుము మెరిసేదాకా గీకి బిగించాలట.

అన్న స్నానానికి వెళ్లినప్పుడు డిక్కీలో మ్యాట్ ఎత్తి చూశాను. ముదురు నీలం రంగు మీద, ఒక్క గీత కూడా లేకుండా, బోల్టు బిగించి ఉంది. బోల్టు మరల సందుల్లో అక్కడక్కడ ఇనుము తగులుతూ ఎలాగో పని చేస్తోంది, అంతే. అలా ఎందుకు బిగించారో కూడా నాకు తెలుసు. బిగించిన రోజు అన్న షాపు మనిషి నెత్తి మీదే నిలబడి, రంగు మీద గీత పడితే ఊరుకోనని పదిసార్లు చెప్పాడు. కొత్తగా వేయించిన సీటు కవర్ల మీది పాలిథిన్ కూడా ఇంకా తీయనివాడు. ఆ మనిషి చెప్పినట్టే చేశాడు.

మ్యాట్ కప్పేశాను. డైరీలో “దొరికింది. రేపు చెప్తాను” అని రాసుకున్నాను.

మర్నాడు కోదాడ వెళ్లాం. దారిలో చెబుదామనుకున్నాను. మునగాల దాటేసరికి అన్న తన పని గురించి, రాయ్‌పూర్ గురించి మాట్లాడుతున్నాడు. “నాకు హిందీల కొట్లాడొస్తది గని మాట్లాడుడు రాదు” అన్నాడు. నవ్వొచ్చింది. ఆరేళ్లలో అతను నాతో అంతసేపు మాట్లాడటం అదే మొదలు. చెప్పలేదు.

కోదాడ షాపాయన డిక్కీలో కాదు, ముందు డోరు పక్కన చూశాడు. కరెంటు వైరు, పాట తెచ్చే వైరు రెండూ ఒకే పక్కన లాగారని, అందుకే ఈ గోలని చెప్పాడు.

“మీ సూర్యాపేటోళ్లు పని చేశారా, పగ తీర్చుకున్నారా బాబూ?” అన్నాడు.

“మీ ఊర్ల ఏసిన రంగు ఎండకు నిలుస్తదో లేదో అదీ సూస్త” అన్నాడు అన్న.

పాట తెచ్చే వైరును రెండో పక్కకు మార్చారు. కూత సగమైంది. సగం మిగిలింది. మిగిలినందుకు వెనక సీట్లో నాకు సంతోషం వేసింది. వేసినందుకు సిగ్గు కూడా.

గురువారం గదిలో సామాను తెచ్చుకోవడానికి మిర్యాలగూడ వెళ్లాం. అక్కడొక ఎలక్ట్రీషియన్ బ్యాటరీ టెర్మినళ్లు శుభ్రం చేసి కొత్త క్లిప్పులు వేశాడు. ఏం మారలేదు. ఆ రోజు నేను ముందు సీట్లో కూర్చున్నాను. ఇద్దరం రోడ్డు వైపే చూస్తుంటే నాకు మాటలు వస్తాయని అప్పుడే తెలిసింది. చదివిన నవల కథ మొత్తం చెప్పాను. మిల్లుల దగ్గర ఉడికిన వడ్ల వాసన లోపలికొచ్చింది, లారీ వెనక ఆగిపోయాం. నేనూ ఆగాను. “మరి గా పిల్ల ఏం జేసింది?” అని అన్న అడిగాడు. ఇలాంటి ప్రశ్న నన్ను ఇంట్లో ఎవరూ అడగలేదు. కూత ఉన్నన్ని రోజులు కారు రాయ్‌పూర్‌కు కదలదు, కారు కదలనన్ని రోజులు నా కథలకు ఒక మనిషి ఉంటాడు. నా లెక్క అంతే.

శుక్రవారం ఓనరు ఫోను చేశాడు. అన్న వాకిట్లో నిలబడి మాట్లాడి లోపలికొచ్చాడు. సోమవారం అక్కడ లేకపోతే ఇంకొకరిని పంపుతాడట. “పోనీ తీ, పోకుంటేంది” అన్నాడు. అమ్మ అతని కంచంలో ఇంకో గరిటె కూర వేసింది. ఆమె ముఖం తేటపడింది. నాదీ తేటపడి ఉండాలి. కానీ అన్న అన్నం కలుపుతూ కలుపుతూ ఆపేశాడు. ఆరేళ్లు ఎవరో చెప్పిన చోట బోల్టులు బిగించాడు. రాయ్‌పూర్‌లో తను చెబితే నలుగురు బిగిస్తారు. ఆ మాట మునగాల దారిలో నాకే చెప్పాడు. అమ్మకు చెప్పలేదు.

అతను చెయ్యి కడుక్కుంటున్నప్పుడు పక్కకు వెళ్లాను.

“అన్నా, డిక్కీల ఎర్త్ వైరు బోల్టు కింద పెయింట్ గీకాలె.”

పుస్తకం తెచ్చి చూపించాను. ఆ పేజీ అర్థం చెప్పాను. అన్న కాసేపు పుస్తకాన్ని, కాసేపు నన్ను చూశాడు.

“ఎప్పుడు సదివినవ్ గిది?”

“సోమారం.”

“మరి మిర్యాలగూడ దాంక ఎందుకు తిప్పిచ్చినవ్?”

నా కళ్లు నిండాయి. అతను చూడనట్టు అటు తిరిగి, వెళ్లి డిక్కీ తెరిచాడు. బ్యాటరీ వైరు తీశాడు. బోల్టు విప్పాడు. సాండ్ పేపరు చేతిలో పట్టుకుని నిలబడి, చివరికి నాకిచ్చాడు.

“నువ్వే గీకు. నాకు చేతులు రావు.”

గీకాను. నీలం పొడి రాలింది, దాని కింద బూడిద రంగు, దాని కింద తెల్లగా ఇనుము. రూపాయి బిళ్లంత. బోల్టు బిగించి, బ్యాటరీ వైరు మళ్లీ తగిలించి ఇంజను వేశాం. అన్న యాక్సిలరేటర్ తొక్కాడు. పాట ఒక్కటే వచ్చింది. అమ్మ వచ్చి కారు తలుపు పట్టుకుని విన్నది. “పోయింది” అని లోపలికి వెళ్లిపోయింది.

ఆదివారం పొద్దున బయలుదేరాడు. హైవే దాకా నన్నూ ఎక్కించుకున్నాడు. అక్కడ దిగుతుంటే, “మెసేజ్‌లు గాదు, ఇగ ఫోన్ల మాట్లాడు” అన్నాడు. తలూపాను. కారు మలుపు తిరిగాక ఆటో కోసం చాలాసేపు నిలబడ్డాను. రెండు ఆటోలు ఆగి, వెళ్లిపోయాయి.

ఇప్పుడు మిల్లులోంచే ఫోను చేస్తాడు. వెనక మెషీన్ల హోరు. బయటికొచ్చి మాట్లాడతానంటాడు, వద్దంటాను. ఆ హోరు వింటే అతను ఎక్కడ నిలబడ్డాడో తెలిసినట్టు ఉంటుంది. దాని మీదుగా వినబడాలంటే నేను అరవాలి. నేను ఎవరితో కొట్లాడుతున్నానని పక్కింటామె అమ్మను అడిగిందట.

మొన్న, ఎప్పుడొస్తవని మూడుసార్లు అరిచి అడిగాను. మూడోసారి వినబడినట్టుంది. అతను చెప్పింది మాత్రం నాకు వినబడలేదు. మళ్లీ అడగలేదు.