నూరు గింజలయ్యేదాకా లేదనని మా చిన్నత్త

మా చిన్నత్త పోయిన కబురు వచ్చేసరికి నా చేతులు సబ్బు నీళ్ళలో ఉన్నాయి. దవాఖానలో నెత్తురు పరీక్షలు చేసే గదిలో, తొట్టి ముందు కూర్చుని వాడిన గాజు పలకలు కడుగుతున్నాను. వార్డు ఆయా గుమ్మం దగ్గర నిలబడి, "పిల్లా, మీ చిన్నత్త పోయిందే. మంచం ఖాళీ చెయ్యమంటాన్రు. మీ ఆయనకు కబురు పంపు" అంది. నేను లేవబోయాను. ఆ గదికి పెద్దయిన సాబు రాస్తున్న కాగితం మీంచి తలెత్తకుండా, "ఆ పలకలు కడిగి పో. అట్లనే ఇడిసిపెడ్తే మరకలు పడ్తయ్" అన్నాడు.

నేను కడిగాను. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది గాని రాయకుండా దాటలేను. మిగిలిన పలకలన్నీ కడిగి, గుడ్డతో తుడిచి, పెట్టెలో పేర్చి, అప్పుడు వార్డుకు పోయాను. కోపం చల్లారాక రాయమని మా ఆయన అన్నారు. చల్లారితే నేను రాయను. నా సంగతి నాకు తెలుసు, మళ్ళీ నోరు మూసుకుంటాను. అందుకని ఇది చదివే అక్కలు మన్నించాలి.

ఆమె మా మామగారి చెల్లెలు. చిన్న వయసులోనే భర్త పోతే వరంగల్లులోని పుట్టింటికి తిరిగి వచ్చింది. మాది మగ్గాల ఇల్లు. ఇంట్లో ఒకరి మోచేతి కింద బతకడం ఇష్టం లేక దవాఖానలో సీసాలు కడిగే పనికి కుదిరింది. సీసాలు కడుగుతూనే, పక్కవాళ్ళ చేతులు చూస్తూ, నెత్తురు చుక్కలో చలిజ్వరం పురుగును పట్టడం నేర్చుకుంది. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. సాబులు వచ్చారు, పోయారు. దుర్బీనులో చూసేది ఆమె, కింద సంతకం సాబుది. (మైక్రోస్కోపును మా దవాఖానలో అందరూ దుర్బీను అనే అంటారు.) దవాఖాన జీతాల పుస్తకంలో మాత్రం ఆమె పని "సీసాలు కడిగే ఆయా" అని ఉండేది. పోయిన నాడూ అదే ఉంది.

ఆమెకు అక్షరం రాదు. నేను అయిదు తరగతులు చదివాను. చూసినది రాసిపెట్టే మనిషి కావాలని నన్ను వెంట తీసుకుపోతానంది. మా అత్తగారు ఒప్పుకోలేదు.

"ఊరోళ్ళ నెత్తురు ముట్టిన చేతులతోని నా గంజి కుండ ముట్టుకుంటదా?"

"వదినా, నీ కోడలు ఆడ రోజుకు పదిసార్లు చేతులు కడుగుతది. నువ్వు పండుగకోసారి కడుగుతవ్. గంజి కుండ ఎవల చేతుల బాగుంటదో నువ్వే చెప్పు" అంది చిన్నత్త. మా అత్తగారు నవ్వు ఆపుకోలేక అవతలికి పోయింది. నా ఉద్యోగం అట్లా కుదిరింది.

నాకు మగవాళ్ళ ముందు గొంతు పెగలదు. చిన్నత్త ముందే సగం మాట మింగేదాన్ని. "జర గట్టిగ చెప్పు పిల్లా. ఈ దుర్బీనుకు కన్నే ఉన్నది, చెవుల్లేవు" అనేది. కాని పని నేర్పేటప్పుడు విసుక్కోలేదు. ఉంగరపు వేలు పొడిచి, చుక్కను పలక మీదికి తీసుకుని, ఇంకో పలక అంచుతో దాన్ని పలుచగా పరచాలి. నాకు ముద్దలు ముద్దలుగా వచ్చేది. "పడుగుకు గంజి పెట్టంగ చూసినవ్ గద. కుంచె ఎట్ల పోతది? ఒక్కటే తోలుడు. మళ్ళ ఎనక్కి రావద్దు" అంది. ఆ మాటతో నా చెయ్యి తిరిగింది. పుట్టినప్పటి నుంచి చూస్తున్న పనే కదా.

పలక మీద రంగు పోసి, ఆగి, నీళ్ళు కలిపి, మళ్ళీ ఆగి, కడిగి ఆరబెడితే నెత్తురు దుర్బీనులో గులాబి రంగు బిళ్ళలుగా కనిపిస్తుంది. ఆ బిళ్ళల లోపల పురుగు ఉంటుంది. దానికి పుస్తకాల్లో ఏ పేరుందో మాకు తెలియదు. చిన్నగా గుండ్రంగా, అంచున చుక్కతో ఉండేదాన్ని ఆమె రాయి ఉంగరం అనేది. వంకరగా ఉండేదాన్ని నెలవంక అనేది. నేను చీటీలో ఉంగరాలు, నెలవంకలు అనే రాసేదాన్ని. సాబు దాన్ని తన మాటల్లోకి మార్చుకునేవాడు.

ఆమె పక్కన ఎప్పుడూ నూరు చింతగింజలు ఉండేవి. పలక మీద ఒక చోటు చూస్తే ఒక గింజ కుడి నుంచి ఎడమకు జరిపేది. చోటు మార్చి మళ్ళీ చూసి ఇంకొకటి. పురుగు కనిపిస్తే సరే, కనిపించకపోతే నూరు గింజలూ జరగాలి. "నూరు కాకముందు లేదనద్దు పిల్లా. ఉన్నదనుటానికి ఒక్కటి సాలు, లేదనుటానికి నూరు గావాలె" అనేది. మెడ పట్టేసేది, కళ్ళ వెంట నీళ్ళు కారేవి. తొంభయ్యో గింజ దగ్గర కూడా ఆపడం నేను చూడలేదు. "అనుకున్నది చెప్పకు, చూసింది చెప్పు" అని ఇంకో మాట. ఈ రెండూ ఆమె నాకిచ్చిన చదువు.

నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. మా ఇంట్లో నూలుకు రంగు వేసేవాళ్ళు తొట్టి అడుగున దిగిన మడ్డిని పారబోయరు, బలమంతా అందులోనే ఉందంటారు. నెత్తురు రంగు సీసా అడుగున కూడా మడ్డి కనిపిస్తే, గట్టి రంగు పడుతుందని దాన్నే కలిపి పోశాను. దుర్బీనులో చూస్తే పలక నిండా నల్ల చుక్కలు. "చిన్నత్తా, నిండ ఉన్నయ్!" అని అరిచాను. నా జన్మలో అంత గట్టిగా అరవడం అదే మొదలు. సాబు వచ్చి చూసి, పక్క గదిలోని కాంపౌండరును కూడా పిలిచి, "మగ్గమోళ్ళ పిల్ల నెత్తురుకు అద్దకం ఏసింది" అని నవ్వాడు. చిన్నత్త నవ్వలేదు. "ఇంటి విద్య ఇంట్ల, ఈడి విద్య ఈడ" అని, దుర్బీను మర పైకీ కిందికీ తిప్పి చూపించింది. మడ్డి బిళ్ళ మీద తేలుతుంది. మడ్డి స్పష్టంగా కనిపించినప్పుడు బిళ్ళ మసకబారుతుంది. పురుగైతే బిళ్ళ లోపల ఉంటుంది, రెండూ ఒక్కసారే కనిపిస్తాయి. రంగును గుడ్డతో వడకట్టి వాడడం కూడా ఆ రోజే నేర్పింది. అటు తరువాత నేను ఆ తప్పు చెయ్యలేదు. సాబు మాత్రం మరిచిపోలేదు.

వానలు పోయాక ములుగు అడవి ఊళ్ళలో జ్వరాలు ఎక్కువయ్యాయి. అక్కడికి పోయి నెత్తురు చుక్కలు తీసుకురావలసింది సాబు. ఆయనకు సరిగ్గా ఆ వారమే నడుం నొప్పి వచ్చింది. చిన్నత్తను పొమ్మన్నాడు. ఆమె బొగ్గుతో నడిచే బస్సెక్కి పోయింది. ఎనిమిది రోజులు దోమల్లో తిరిగి, రెండు పెట్టెల పలకలు తెచ్చి, అన్నీ చూసి చెప్పింది, నేను రాశాను. పైకి పోయిన కాగితం మీద సాబు పేరే ఉంది. నేను ముఖం మాడ్చుకుంటే, "పేరుదేమున్నది పిల్లా, వాళ్ళకు మందు అందింది" అంది. చనిపోయినవాళ్ళ మీద కోపం పాపమంటారు. నాకు ఆమె మీద కూడా కోపంగానే ఉంది. పేరుదేమున్నది అన్న ఆ మాటే ఆమెను తినేసింది.

ములుగు నుంచి వచ్చిన పది రోజులకు ఆమెకు జ్వరం తగిలింది. వార్డులో పడుకోబెట్టారు. వేలు నేనే పొడిచాను. పళ్ళు టకటక కొట్టుకుంటుంటే, "సన్నగ తోలు" అంది. రంగు వడకట్టి పోశాను. దుర్బీనులో మొదటి చోటే కనిపించాయి. మర పైకి తిప్పాను, కిందికి తిప్పాను. బిళ్ళల లోపలే ఉన్నాయి. నమ్మలేక పది చోట్లు చూశాను, పదింటా ఉన్నాయి.

యుద్ధం మూలాన చలిజ్వరం మందు క్వినైను దొరకడం లేదని అలమరలో పెట్టి తాళం వేశారు. తాళం సాబు దగ్గర. పరీక్ష కాగితం మీద ఆయన సంతకం పడితేనే మందు. పెద్ద డాక్టరుగారు హైదరాబాదు పోయి ఉన్నారు. నేను పలక పట్టుకుని సాబు బల్ల దగ్గరికి పోయాను.

"సాబ్... చిన్నత్తకు... ఉంగరాలున్నయ్."

"ఉంగరాలా? కంసాలి దుకాణం పెట్టిన్రా? మొన్న మడ్డిని చూసి పురుగులన్నది నువ్వే గద. డాక్టర్ సాబు ఎల్లుండి వస్తడు. అందాక తడిగుడ్డ ఏసుండు."

ఆయన కుర్చీకీ దుర్బీనుకూ నడుమ నాలుగడుగులు. లేవలేదు. నూరు గింజలు అక్కర్లేదు, ఒక్క గింజ జరిపేంత సేపు చూసి ఉంటే చాలు. నేను తల వంచుకుని వచ్చేశాను.

చిన్నత్త కళ్ళు తెరిచి, "ఏమున్నది?" అంది.

"ఉంగరాలు."

"ఎన్ని?"

"నిండ."

"సాబుకు చెప్పినవా?"

"చెప్పిన."

"ఎట్ల చెప్పినవ్?"

నేను తడిగుడ్డ పిండి ఆమె నుదుటి మీద వేశాను. ఆమె తెలివిలో ఉండగా అన్న ఆఖరి మాట అదే. ఆ తరువాత దుప్పటి మీద వేళ్ళు ఒక్కటొక్కటిగా కుడి నుంచి ఎడమకు జరుపుతూ ఉండింది. మరునాడు పొద్దున్నే పోయింది.

డాక్టరుగారు వచ్చాక నేను ఆ పలకను దుర్బీను కింద పెట్టాను. ఆయన చాలాసేపు చూశారు. "ఎవరిది ఇది? మందు ఎంత ఇచ్చారు?" అని అడిగారు. "రంగు సరిగ పడలేదనుకున్నం సార్" అన్నాడు సాబు. వార్డు పుస్తకంలో అప్పటికే "జ్వరం, కారణం తెలియలేదు" అని రాసేశారు. ఒకసారి రాసింది కొట్టెయ్యకూడదట. తెలియకపోవడమేమిటి? నాకు తెలుసు. ఆమెకూ తెలుసు, ఎన్ని ఉన్నాయో కూడా తెలుసు. తెలిసినవాళ్ళకు సంతకం లేదు, అంతే.

మా ఇంట్లో ఇక దవాఖానకు పోవద్దన్నారు. పోతున్నాను.

మొన్న వారం అడవి దిక్కు నుంచి కట్టెలు కొట్టే మనిషి ఒకాయన వణుకుతూ వచ్చాడు. పలక చూశాను, ఉన్నాయి. దుర్బీనులో చూసేటప్పుడు పలక మీద వేసే నూనె చుక్క అట్లాగే ఉండగా తీసుకుపోయి సాబు బల్ల ముందు నిలబడ్డాను.

"ఆడ పెట్టి పో" అన్నాడు.

"లేవుండ్రి సాబ్. సూడుండ్రి" అన్నాను. పక్క గదిలో కాంపౌండరు మాట ఆగిపోయింది. అంత గట్టిగా వచ్చింది నా గొంతు.

ఆయన రాస్తూనే ఉన్నాడు. నేను కదలలేదు. చేతిలో పలక వాలి, నూనె మెల్లగా అంచుకు చేరి, ఆయన రాస్తున్న కాగితం మీద పడింది. ఆయన కలం ఆపి నా ముఖంలోకి చూశాడు. నేను తల వంచలేదు. రెండో చుక్క పడింది. కుర్చీ కాళ్ళు బండ మీద కిర్రుమన్నాయి.

నేను పెట్టిన పలకను ఆయన దుర్బీను మీద వంగి చూస్తున్నంతసేపు నేను ఆ కాగితాన్నే చూస్తూ నిలబడ్డాను. నూనె ఎండిన సిరాను ఏమీ చెయ్యలేదు. మెల్లగా, గుండ్రంగా పాకుతూ పోతోంది. అది పాకిన మేర కాగితం అద్దంలాగా అయి, దాని కింది కాగితం మీది అక్షరాలు ఒక్కొక్కటే పైకి తేలుతున్నాయి.