వాల్తేరు గారి నల్ల సీసా

చిట్టియ్య తాటిచెట్టు మీంచి పడిపోయాడని కబురొచ్చినప్పుడు అతని భార్య వీరవేణి నోట్లో కల్లు ఉంది.

మొగల్తూరు దాటాక కాలవ పక్కనున్న చిన్న ఊరు వాళ్లది. చిట్టియ్య చెట్లు గీసేవాడు. గట్టు మీద తాటాకు పాక వేసుకుని, మొగుడు దించిన కల్లు వీరవేణి అమ్మేది. కల్లు కుండ, అదే లొట్టి, పాకలోకి రాగానే ఒక గుక్క నోట్లో పోసుకుని నాలిక మీద తిప్పి చూసేది. ఇది తియ్యగా ఉంది, కాసేపు ఆగుతుంది. ఇది పులుపెక్కుతోంది, ముందు అమ్మెయ్యాలి. అలా వేరు చేసి పెట్టడం ఆమెకి అత్తగారు నేర్పిన పని. కాపరానికి వచ్చిన కొత్తలో మొహం చిట్లించేది గానీ, పోను పోను ఆ గుక్కతోనే ఆమెకి తెల్లవారేది.

ఆ రోజూ అదే పని చేస్తోంది. పొలం గట్టు మీంచి ఎవరో అరుచుకుంటూ పరిగెత్తుకొచ్చి, "వేణమ్మా, మీ ఆయన..." అన్నారు. నోట్లో ఉన్నది మింగాలో ఉమ్మాలో ఆమెకి తెలియలేదు. చెట్టు దగ్గరికి వెళ్లేదాకా అది నోట్లోనే ఉంది. అక్కడ చిట్టియ్యని చూశాక ఎప్పుడు మింగిందో ఆమెకి జ్ఞాపకం లేదు.

శవం దగ్గర అందరూ ఆమె ఏడుపు కోసం చూశారు. ఆడపడుచు బుల్లెమ్మ మీద పడి గుండెలు బాదుకుంది. "ఏడవ్వే వేణీ, ఏడిచెయ్యి, లోపల పెట్టుకోకు" అని భుజాలు పట్టి కుదిపింది. వీరవేణి ఆమె జుట్టు సరిచేసి, చాప మీద కూర్చోబెట్టి, మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఇంటి మీద ఆరబోసిన చేపలు కాకులు ఎత్తుకుపోతాయేమో అన్న ఆలోచన ఒకటి ఆమెకి వచ్చింది. అంతకు మించి ఏమీ రాలేదు. పెద్దకర్మ అయ్యేసరికి ఊళ్లో ఆడవాళ్లు ఒకళ్ల చెవి ఒకళ్లు కొరుక్కోవడం మొదలుపెట్టారు. బుల్లెమ్మ మాత్రం మొహం మీదే అంది.

"మా తమ్ముడు కుక్కచావు చచ్చినట్టున్నాడు నీకు."

దానికీ వీరవేణికి కోపం రాలేదు.

పక్క ఊరి వాళ్ల దగ్గర కల్లు తీసుకుని పాక నడుపుదామని చూసింది. నాలిక మీద వేసుకుంటే పులుపు తెలుస్తోంది, తీపి తెలుస్తోంది. మంచిదో కాదో తెలియడం లేదు. పులిసిపోయింది అమ్మి రెండు మూడు సార్లు మాట పడింది. ఆ తర్వాత కల్లు ముట్టుకోవడమే మానేసింది. పిల్లలు లేరు. పాక ఆకులు రాలిపోతుంటే చూస్తూ కొన్నాళ్లు గడిపి, ఎవరో చెబితే నరసాపురం వచ్చి ఒక ఇంట్లో వంటపనిలో చేరింది.

ఆ ఇల్లు ఒక డ్రిల్లింగ్ కంపెనీ వాళ్ల గెస్ట్‌హౌస్. గ్యాస్ కోసం బావులు తవ్వే ఇంజనీర్లు వచ్చి ఉంటారు, పోతుంటారు. మేనేజరు అశోక్ తణుకు వైపు కుర్రాడు. మాటకి ముందొక అండి, వెనకొక అండి పెడతాడు. వీరవేణి వంటకి వంక పెట్టినవాళ్లు లేరు. పప్పుచారు పెట్టినా, చేపల పులుసు పెట్టినా గిన్నె ఖాళీ అయ్యేది. ఆమె మాత్రం అందరూ తిన్నాక గోడకి ఆనుకుని నిలబడి, ఇంత మజ్జిగ అన్నం తినేది. ఆకలి అనేది ఉండేది కాదు. తినే వేళ అయిందని తినేది.

రెండువేల రెండులో అమెరికా నుంచి వాల్టర్ అనే పెద్దాయన వచ్చాడు. బావి తవ్వే రిగ్గు మీద అందరికీ పైవాడు. పొడుగాటి మనిషి, మాట తక్కువ. డ్రైవర్ల నోట్లో ఆ పేరు తిరగక వాల్తేరు గారు అన్నారు. వారం తిరక్కుండా ఇంట్లో అందరికీ ఆయన వాల్తేరు గారే. ఆయనతో పాటు రిగ్గుకి వెళ్లొచ్చే ట్రైనీ జియాలజిస్టు హారతి రాజమండ్రి పిల్ల. ఇంగ్లీషు, తెలుగు మధ్య ఆ అమ్మాయే వంతెన. వీరవేణిని పిన్నిగారూ అని పిలిచేది.

డిసెంబరులో ఒక సాయంత్రం హారతి వంటింట్లోకి వచ్చింది.

"పిన్నిగారూ, ఇవాళ సారుకి అరవై నిండాయంట. ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడే పాస్‌పోర్టు జిరాక్సు తీయిస్తుంటే చూశాను."

"అయితే షష్టిపూర్తన్నమాట" అంది వీరవేణి, కూర కలుపుతూ.

"అదే చెప్పానండి. మా దగ్గర అరవై నిండితే మళ్లీ పెళ్లి చేస్తాం సార్ అంటే, ఆ మొదటి పెళ్లావిడే వదిలేసి పోయింది, మళ్లీ ఎవర్ని తెస్తావు అన్నారు." హారతి నవ్వి, మళ్లీ నవ్వడం బాగోదేమో అన్నట్టు ఆగిపోయింది. "ఏదన్నా తీపి చెయ్యండి."

వీరవేణి సేమ్యా పాయసం చేసింది. భోజనాలయ్యాక వాల్టర్ తన గదిలోకి వెళ్లి, ఉన్ని మేజోడులో చుట్టిన సీసా ఒకటి తెచ్చాడు. నల్లటి సీసా. మూతి చుట్టూ లక్కలో ముంచినట్టు మైనం గడ్డకట్టి ఉంది. ఆయన స్నేహితుడొకడు ఇంటి షెడ్డులో సొంతంగా కాచిన బీరట. అరవై నిండిన రోజే తియ్యమని చెప్పి ఇచ్చాడట. అది ఒక్కడే కూర్చుని తాగేది కాదని, తలా ఇంత పోస్తానని వాల్టర్ అన్నాడు.

అక్కడే చిక్కొచ్చింది. అశోక్ అయ్యప్ప మాలలో ఉన్నాడు. నల్లబట్టల్లో రెండడుగులు వెనక్కి జరిగి, "నా ముందు మూత కూడా తియ్యొద్దని చెప్పండి మాతా" అని హారతితో అనేసి మేడ మీదకి వెళ్లిపోయాడు. హారతి పెదవులకి ఆనించుకుని, "బాబోయ్, కాకరకాయ కషాయం" అని గ్లాసు పెట్టేసింది. వాల్టర్ మొహం కొంచెం చిన్నబోయింది. ఆయన్ని అలా చూడలేక కాబోలు హారతి అనేసింది.

"సార్, మా వంట పిన్నిగారు కల్లు అమ్మిన ఆవిడ. రుచి చూసి చెప్పడం ఆవిడ పని."

వాల్టర్ వెంటనే వంటింటి వైపు తిరిగాడు. కుర్చీ లాగి, చేత్తో రమ్మన్నాడు.

వీరవేణి కుర్చీలో కూర్చోలేదు. గడప దగ్గర పీట వేసుకుంది. వద్దని చెప్పే ఓపిక లేదు, కావాలన్న కోరికా లేదు. స్టీలు గ్లాసు చాపింది. సీసాలోంచి వచ్చింది ఆముదంలా చిక్కగా, నల్లగా ఉంది. పైన కట్టిన నురగ కూడా తెల్లగా లేదు, గోధుమరంగులో ఉంది. బీరంటే ఆమె పెళ్లిళ్లలో చూసిన పచ్చటి నీళ్లు. ఇదేంటో ఆమెకి అర్థం కాలేదు.

ఒక గుక్క తీసుకుంది. మింగకుండా నాలిక మీద తిప్పింది. పాక వదిలేశాక ఇలా ఏదీ నోట్లో తిప్పలేదని ఆమెకి ఆ తిప్పుతుండగానే తెలిసింది.

"ఏంటి పిన్నిగారూ, ఎలా ఉంది?"

"బెల్లప్పాకం అడుగంటినట్టుందమ్మా" అంది వీరవేణి మింగి. "ఆ వెనకాల కాఫీ గింజ వేయించిన చేదు. చివర్న తడిసిన చెక్క వాసనొస్తోంది. గొంతులో దిగాక వేడి."

హారతి ఇంగ్లీషులో చెప్పింది. వాల్టర్ కళ్లు పెద్దవి చేసి, చెక్క నిజమేనన్నాడు. విస్కీ పోసి ఉంచిన ఓకు చెక్క పీపా ఒకటి కొని, ఆ విస్కీ ఖాళీ అయ్యాక ఇది నింపి ఆ స్నేహితుడు ఏడాది అలా వదిలేశాడట.

"ఏడాదే!" అంది వీరవేణి. "మా దగ్గర పొద్దున్న దించింది సాయంత్రానికి పులిసిపోద్దండి. ఏడాది ఎలా ఆగిందంట?"

"చల్లటి చోట పెట్టి, ఎవరూ ముట్టుకోలేదంట. మొదట్లో తాగితే మంట తప్ప ఏమీ ఉండేది కాదంట."

వీరవేణి గ్లాసులోకి చూసింది. వాల్టర్ ఇంకేదో అడిగాడు. హారతి దాన్ని తెలుగులో పెట్టింది.

"అవన్నీ సరే, బాగుందా అని అడుగుతున్నారు."

బాగుందండి అనేస్తే సరిపోయేది. రోజూ ఎన్నో వాటికి అలాగే అంటుంది.

"అది తెలియట్లేదమ్మా. ఏమేం ఉన్నాయో తెలుస్తోంది. బాగుందో లేదో తెలియదు. నాకు ఏదీ తెలియదు నాలుగేళ్లబట్టీ."

"అదేంటండీ?"

అప్పుడు చెప్పింది. పాక గురించి, నోట్లో ఉండిపోయిన గుక్క గురించి, తాను ఏడవకపోవడం గురించి. ఇంకెవరి సంగతో చెబుతున్నట్టు చెప్పింది. హారతి మొదట ఒక్కో మాటా ఇంగ్లీషులోకి మారుస్తూ వచ్చింది. మధ్యలో ఆగి కళ్లు తుడుచుకుంది. వాల్టర్ తొందరపెట్టలేదు. కాసేపటికి ఆ పిల్లే తేరుకుని మిగిలింది చెప్పింది.

ఆయన అయ్యో అనలేదు. తన గ్లాసులో కొంచెం పోసుకుని, ఒక్క ప్రశ్న అడిగాడు.

"మీ ఆయన పేరేంటి అంటున్నారు" అంది హారతి. అని, నాలిక కరుచుకుంది. మొగుడి పేరు పలకని ఆడవాళ్లు తన ఇంట్లోనూ ఉన్నారు. "పర్లేదండి, నేనేదో సర్దిచెబుతాను."

వీరవేణి ఆ పేరు ఎప్పుడూ పలకలేదు. రేషను దుకాణంలో అడిగినా పక్కవాళ్లు చెప్పేవారు. బతికుండగా 'ఇదిగో', 'ఏమయ్యా' అని పిలిచింది. పోయాక పిలవాల్సిన అవసరమే రాలేదు.

"చిట్టియ్యండి" అంది.

"చిటియా" అన్నాడు వాల్టర్.

"చిటియా కాదండి. చిట్టియ్య."

ఆయన మళ్లీ ప్రయత్నించాడు. ఈసారీ రాలేదు. వీరవేణి దిద్దింది. మూడోసారికి దగ్గరికొచ్చాడు. తన నోట్లోంచి ఆ పేరు అన్నిసార్లు వచ్చిందని ఆమె గమనించింది. ఏడుపు వస్తుందేమోనని హారతి ఆమె మొహంలోకే చూస్తోంది. ఏమీ రాలేదు. వీరవేణి గ్లాసులో మిగిలింది తాగేసి, అంట్లు తీసుకుని పెరట్లోకి వెళ్లిపోయింది. ఆ చేదు పడుకునేదాకా నోట్లోంచి పోలేదు.

మర్నాడు పొద్దున్న అశోక్ వంటింటి గుమ్మంలో నిలబడి నసిగాడు.

"ఏమీ అనుకోకండి మాతా. రాత్రి మీరు అది పుచ్చుకున్నారు కదండీ. ఇవాళ నా వంట నేనే చూసుకుంటానండి."

"ఆయ్, అలాగేనండి స్వామీ" అని ఆమె గరిట ఇచ్చేసి, పెరటి మెట్టు మీద బియ్యం చేట పెట్టుకుని కూర్చుంది.

అశోక్ ఉప్మా ఎక్కించి, ఫోను మోగితే హాల్లోకి వెళ్లాడు. ఫోన్లో మాటలు తెగలేదు. కాసేపటికి మాడు వాసన పెరట్లోకి వచ్చింది. వీరవేణి తల ఎత్తింది. తన పని కాదు కదా అనుకుంది. వాసన ఎక్కువైంది. ఉన్నట్టుండి చేట పక్కన పడేసి లేచింది.

"అడుగంటుతోందయ్యా! పొయ్యి మీద పెట్టి ఎక్కడికెళ్లావు? చెబితే వినవా? ఒక్కడైనా చెప్పింది వినడేంటి!"

ఆ అరుపుకి హారతి మేడ మీంచి దిగొచ్చింది. వాల్టర్ గడ్డం గీసుకుంటూ సగం నురగతో బయటికొచ్చాడు. అశోక్ ఫోను చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. అంతదాకా ఆ ఇంట్లో ఆమె గొంతు లేవడం ఎవరూ వినలేదు. చేరిన కొత్తలో కొందరు ఆమె మూగదేమో అనుకున్నారు కూడా.

వీరవేణి పొయ్యి కట్టేసింది. ఆ కోపం అశోక్ మీద కాదని ఆమెకి తెలిసిపోయింది. మొగుడు పోయిన రోజు పొద్దున్న, ముందు రోజు కురిసిన వానకి చెట్టంతా నాచు పట్టినట్టు జారుతుందని, ఈ పూటకి మానెయ్యమని ఆమె చిట్టియ్యకి చెప్పింది. చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది. లొట్టిల్లో వాన నీళ్లు పడితే కల్లు పాడైపోద్దని నవ్వి, చెట్టెక్కే మోకు భుజాన వేసుకుని వెళ్లాడు. ఆ సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు. తనలో తాను కూడా అనుకోలేదు.

ఆ రోజంతా గిన్నెలు ఠంగుఠంగుమని మోగుతూనే ఉన్నాయి. మధ్యాహ్నం పప్పులో కారం మండిపోయింది. అందరూ మంచినీళ్లు తాగుతూనే తిన్నారు.

ఆ తర్వాత ఆమె మారిపోయిందని చెప్పడానికి లేదు. మరి కొన్నాళ్లకి మళ్లీ మామూలే. లేవడం, వండడం, వేళకి ఇంత తినడం. ఎప్పుడన్నా ఒక రోజు ఎందుకో కోపం వచ్చేది, మర్నాటికి పోయేది. వేసవిలో బావి పని ముగిసి వాల్టర్ వేరే దేశానికి వెళ్లిపోయాడు. వెళ్లేటప్పుడు చెయ్యి ఊపి, చిట్టియ్య పేరు సరిగ్గా పలికాడు. ఆయన తన గదిలో కూర్చుని ఆ పేరు పలకడం నేర్చుకున్నాడని హారతికి తెలుసు. వీరవేణితో మాత్రం అనలేదు.

ఆ ఏడు వానాకాలం మొదట్లో వీరవేణి సెలవడిగి బుల్లెమ్మ ఇంటికి వెళ్లింది. పెద్దకర్మ తర్వాత ఆ గడప తొక్కడం అదే. బుల్లెమ్మ రమ్మనలేదు, పొమ్మనలేదు. పీట వేసి చేపల కూరతో అన్నం పెట్టింది. తింటూ తింటూ వీరవేణి ఆగింది.

"వద్దని చెప్పాను వదినా. చెట్టు జారుద్ది, ఎక్కొద్దన్నాను. విన్లేదు."

బుల్లెమ్మ గరిట గిన్నెలో పెట్టేసింది.

"నాతో ఇన్నాళ్లూ చెప్పలేదేమే?"

"నాకే తెలియలేదు."

బుల్లెమ్మ ఏడ్చింది. ఎంతోసేపు ఏడ్చింది. వీరవేణి ఏడవలేదు. చెయ్యి ఎండిపోతున్నా కంచం ముందు నుంచి లేవకుండా, ఆమె ఏడుపు అయ్యేదాకా కూర్చుంది.

"కూర బాగుందా?" అంది చివరికి బుల్లెమ్మ, కొంగుతో మొహం తుడుచుకుంటూ.

"చింతపండు ఎక్కువైంది" అంది వీరవేణి.

"అయితే మానెయ్. ఎవరు తినమన్నారు?"

వీరవేణి కంచం ఆమె వైపు జరిపింది. బుల్లెమ్మ ఇంకో ముక్క వేసింది.