కిటికీ కింద చోటు

మా మేనత్త కుర్చీలకు బెత్తం అల్లుతుంది. ఇంతమందిని కుర్చీల్లో కూర్చోబెట్టిన మనిషి, పని చేస్తూ తను మాత్రం ఎన్నడూ కుర్చీ ఎక్కలేదు. ముందుగదిలో కిటికీ కింద నేల మీద చతికిలబడి, కుర్చీ చట్రాన్ని రెండు పాదాల మధ్య బిగించి అల్లేది. బడి మానేశాక నాన్న నన్ను ఆమె దగ్గర వదిలాడు. బెత్తం పట్టీలు నానబెట్టి అందించడం నా పని.

కిందటేడు అత్తయ్యకి తుంటి కీళ్లు రెండూ అరిగిపోయాయన్నారు డాక్టర్లు. ముందు కుడిది మార్చారు. అది బాగా కుదురుకున్నాక ఎడమది మారుస్తామన్నారు. అందాకా నేల మీద కూర్చోకూడదు, ముందుకు వంగకూడదు, పడుకుంటే మోకాళ్ల మధ్య దిండు ఉండాలి. చేతికర్ర పక్కన పెట్టుకుని ఎత్తు కుర్చీలో కూర్చున్న అత్తయ్య, తన ఇంటికే చుట్టపుచూపుగా వచ్చినట్టుండేది. ఎడమవైపు నొప్పి మాత్రం తగ్గలేదు. కొత్తకోడలు బుద్ధిగానే ఉంది, పాతదే సాధిస్తోంది అనేది.

ఊరికే ఉండలేక ఒకరోజు మా వీధి సెలూన్ అతని కుర్చీని బల్ల మీద పెట్టించుకుని అల్లింది. చూడ్డానికి బాగానే ఉంది. అతను వచ్చి కూర్చోగానే కిందికి దిగబడ్డాడు.

"కుర్చీ చేయమంటే ఊయల కట్టావేంటక్కా? కొత్త కీలుకి నూనె పెట్టించలేదా?"

"నూనంతా నీ నాలుకకే అయిపోయిందటగా" అంది అత్తయ్య. అతను వెళ్లాక కత్తెర తీసుకుని అల్లికంతా కోసేసింది.

"చేతులు అల్లుతున్నాయనుకున్నానే ఇన్నాళ్లూ. బిగువంతా కాళ్లదే."

ఆనాటి నుంచి ఆమె ఆశంతా రెండో ఆపరేషన్ మీదే. అదీ అయితే మళ్లీ కిందికి దిగుతానంది. ఆ కిటికీ కింద నేను బకెట్ పెట్టినా, తీసేదాకా అటే చూసేది.

ఈసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు డాక్టరుగారు ఎక్స్‌రే చూసి, వచ్చే నెలలో రెండోది చేసేద్దామన్నారు. అత్తయ్య నా చున్నీ కొస లాగింది. అడగడానికి ఆమెకి భయం. కొట్లో ఉప్పు అడగడానికే నోరు పెగలని దాన్ని, నేనే అడిగాను, అదయ్యాక నేల మీద కూర్చుని, కాళ్లతో చట్రం పట్టి పని చేసుకోవచ్చా అని.

ఆయన కలం కింద పెట్టారు. అలా కాళ్లతో చట్రం బిగించి కూర్చుంటే కీలు జారే ప్రమాదం ఉందట. "నేల సంగతి మరిచిపోండమ్మా. హాయిగా నడుస్తారు."

"నడిచి ఎక్కడికి వెళ్లాలి బాబూ?" అంది అత్తయ్య.

హాస్యమనుకుని ఆయన నవ్వారు.

ఆటోలో, రెండోది చేయించుకోవా అని అడిగాను. చేయించుకోక చస్తానా, ఈ నొప్పి కునుకు పట్టనిస్తేగా అంది. ఇంటికి రాగానే సెలూన్ కుర్చీ చట్రం తెచ్చుకుని కిటికీ కింద కూర్చోమంది నన్ను. నాకు రాదన్నాను.

"కూర్చోవే. నేను చూస్తాను."

కూర్చున్నాను. ఎడమ మడమ లోపలికి తిప్పమంది. వేళ్లతో కాదు, పాదం మధ్యతో పట్టమంది. తడి పట్టీ లాగి, సరిగ్గా వచ్చిందా అని తలెత్తాను. ఆమె అల్లిక చూడటం లేదు. నేను కూర్చున్న నేలకేసి చూస్తోంది.

"చల్లగా ఉందా?" అని అడిగింది.

ఉందన్నాను.